స్టూడెంట్ అఫైర్స్‌లో మాస్టర్స్: యూనివర్సిటీ పేరు కంటే ముందు అసిస్టెంట్‌షిప్ చూసుకోండి

అమెరికా కాలేజీల్లో క్లాసు బయట విద్యార్థికి అవసరమయ్యే ప్రతి పనికీ ఒక ఉద్యోగి ఉంటారు. హాస్టల్ నడిపేవారు, కొత్తగా చేరినవాళ్లకు ఓరియెంటేషన్ పెట్టేవారు, ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకోవాలో చెప్పే అడ్వైజర్, క్లబ్బుల బాగోగులు చూసేవారు, క్రమశిక్షణ కేసులు విచారించేవారు, కెరీర్ సెంటర్‌లో కూర్చుని రెజ్యూమే దిద్దేవారు. ఈ పనులన్నిటినీ కలిపి స్టూడెంట్ అఫైర్స్ అంటారు. మన దగ్గర ఇవి పాఠాలు చెప్పే లెక్చరర్ల నెత్తిన అదనపు బాధ్యతగా పడతాయి. అక్కడ మాత్రం ఇదొక ప్రత్యేక వృత్తి. దీని సంఘాలకు వందేళ్లు దాటాయి: నాస్పా 1919లో, ఆక్పా 1924లో మొదలయ్యాయి. ఈ ఉద్యోగాల్లో చాలావాటికి దారి రెండేళ్ల మాస్టర్స్ డిగ్రీ.

బీటెక్ చదువుతూ ల్యాబ్‌లో కంటే ఎన్‌ఎస్‌ఎస్‌లో, ప్లేస్‌మెంట్ సెల్‌లో, మెస్ కమిటీలో ఎక్కువసేపు గడిపినవాళ్లు, సైకాలజీయో సోషల్ వర్కో చదివినవాళ్లు, టీచింగ్ చేసి పెళ్లయ్యాక హెచ్‌-4 వీసా (హెచ్‌-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చేది) మీద అమెరికాలో ఇంట్లో ఉన్నవాళ్లు దీన్ని ఆలోచించవచ్చు. అయితే కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు అప్లై చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ర్యాంకింగ్ పట్టిక తెరిచి పైనుంచి పది పేర్లు రాసుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. ఈ చదువుకు ప్రాణం గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్. వారానికి 20 గంటలు క్యాంపస్‌లోని ఏదో ఒక ఆఫీసులో పనిచేస్తే ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. మీ ఖర్చు ఎంతో, రేపు రెజ్యూమేలో ఏముంటుందో, మొదటి ఉద్యోగం ఏ విభాగంలో దొరుకుతుందో చాలావరకు అదే నిర్ణయిస్తుంది.

ముందు వీసా లెక్క వేసుకోండి

ఎస్‌ఓపీ (ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం) రాయడానికి కూర్చునే ముందే ఈ లెక్క తేల్చుకోవాలి. అడ్మిషన్ వచ్చాక వేసుకుంటే మనసు ఒకవైపు, కాగితాలు ఇంకోవైపు లాగుతాయి.

స్టూడెంట్ అఫైర్స్ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందకు రాదు. ప్రతి డిగ్రీకీ ప్రభుత్వం ఇచ్చిన సిప్ కోడ్ ఒకటుంటుంది, అది మీ ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ముద్రించి ఉంటుంది. ఈ చదువుకు సాధారణంగా 13.1102 లేదా 13.0406 పడుతుంది. రెండూ స్టెమ్ జాబితాలో లేవు కాబట్టి ఓపీటీ (చదివిన రంగంలో పనిచేయడానికి విద్యార్థి వీసా మీద ఇచ్చే అనుమతి) 12 నెలలే. సాఫ్ట్‌వేర్ స్నేహితులకు దొరికే అదనపు 24 నెలలు మీకు ఉండవు. విద్యారంగంలోనే ఉంటూ స్టెమ్ కావాలనుకుంటే ఎడ్యుకేషనల్ టెక్నాలజీ (13.0501), విద్యా మూల్యాంకనం, పరిశోధన (13.0601) లాంటి కోడ్‌లు ఉన్నాయి, కానీ అవి వేరే చదువులు. అందులో చేరి హాస్టల్ ఆఫీసులో అసిస్టెంట్‌షిప్ చేయడం కుదరవచ్చు. ఓపీటీలో చేసే ఉద్యోగం మాత్రం చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి.

దీనికి ఎదురుగా ఒక పెద్ద సౌలభ్యం ఉంది. లాభాపేక్ష లేని యూనివర్సిటీలు, ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలు హెచ్‌-1బీ వీసాల వార్షిక పరిమితికి బయట ఉంటాయి. మార్చి లాటరీతో పని లేకుండా ఏడాదిలో ఎప్పుడైనా పిటిషన్ వేయవచ్చు. తర్వాత ప్రైవేటు కంపెనీకి మారాలంటే మాత్రం లాటరీలోకి రావాల్సిందే. ఇంకో మాట: 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్ల గురించినది. ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) నుంచి అమెరికాలోనే ఉండి మారేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి, కాబట్టి మీరు అప్లై చేసే నెలలో మళ్లీ చూసుకోండి.

లాటరీ లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. హెచ్‌-1బీకి ఉద్యోగం ఒక నిర్దిష్ట సబ్జెక్టులో డిగ్రీ కోరేదై ఉండాలి. ఈ రంగంలో మొదటి మెట్టు ఉద్యోగాల ప్రకటనల్లో చాలాసార్లు “ఏదైనా బ్యాచిలర్ డిగ్రీ చాలు, మాస్టర్స్ ఉంటే మంచిది” అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో పిటిషన్ బలహీనపడుతుంది. “హయ్యర్ ఎడ్యుకేషన్, స్టూడెంట్ అఫైర్స్ లేదా దగ్గరి సబ్జెక్టులో మాస్టర్స్ తప్పనిసరి” అన్న ప్రకటనలనే వెతకండి. ఏ కాలేజీ స్పాన్సర్ చేస్తుందో, ఏది చేయదో హెచ్‌ఆర్ విభాగం రాసిపెట్టుకున్న నియమం ఉంటుంది. మిమ్మల్ని ఎంత మెచ్చుకున్నా ఇంటర్వ్యూ చేసే డైరెక్టర్ దాన్ని మార్చలేరు.

మన విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇంకొకచోట. “నాలాంటి విదేశీ విద్యార్థులకు సాయం చేస్తాను, ఇంటర్నేషనల్ ఆఫీసులో పనిచేస్తాను” అనే కోరికతో చాలామంది వస్తారు. ఆ ఆఫీసులో ఐ-20 మీద సంతకం పెట్టే అధికారిని డీఎస్‌ఓ అంటారు. అమెరికా పౌరులు లేదా గ్రీన్‌కార్డు ఉన్నవారు మాత్రమే ఆ పనికి అర్హులు. ఎఫ్‌-1 మీదా, హెచ్‌-1బీ మీదా ఆ తలుపు మూసే ఉంటుంది. అదే ఆఫీసులో ఓరియెంటేషన్, కార్యక్రమాల నిర్వహణ లాంటి పనులకు అడ్డు లేదు, కానీ అవి తక్కువ. అందుకే హాస్టళ్లు, అకడమిక్ అడ్వైజింగ్, కెరీర్ సెంటర్, స్టూడెంట్ కాండక్ట్‌లలో ఒకదాన్ని మొదటి ఎంపికగా పెట్టుకోండి. బహుళ సంస్కృతుల కేంద్రాల్లో పనిచేయాలనుకునేవారు రాష్ట్రం చూసుకోవాలి. టెక్సాస్‌లో 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో ప్రభుత్వ యూనివర్సిటీల్లో డీఈఐ (వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకోవడం) ఆఫీసులు మూతపడ్డాయి. ఫ్లోరిడాలో 2023లోనే చట్టం చేశారు. మనవాళ్లు ఎక్కువగా ఉన్నారని డాలస్ వైపు చూసేవారు దీన్ని లెక్కలో వేసుకోవాలి.

ప్రోగ్రామ్ ఎంచుకోవడం

ఇండియానా బ్లూమింగ్టన్, బౌలింగ్ గ్రీన్ స్టేట్, జార్జియా, మిషిగన్ స్టేట్, అయోవా స్టేట్, కొలరాడో స్టేట్: ఈ రంగంలో చాలాకాలంగా వినిపించే పేర్లలో ఇవి కొన్ని. మనవాళ్లకు ఇంజినీరింగ్ వల్ల తెలిసిన పేర్లు ఇక్కడ అంత బరువు ఉన్నవి కాకపోవచ్చు. ఊళ్లో ఎవరికీ తెలియని యూనివర్సిటీ ఈ రంగంలో పెద్ద పేరు కావచ్చు.

కొలబద్దగా క్యాస్ అనే సంస్థ ప్రమాణాలు వాడండి. మాస్టర్స్ ప్రోగ్రామ్‌లో కనీసం 300 గంటల పర్యవేక్షణలో చేసే పని ఉండాలి, అది కనీసం రెండు వేర్వేరు అనుభవాలుగా ఉండాలి అని అవి చెబుతాయి. ఒకే ఆఫీసులో రెండేళ్లు కూర్చోబెట్టే ప్రోగ్రామ్ అయితే రెండో అనుభవం ఎక్కడ దొరుకుతుందో అడగండి. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే ప్రోగ్రామ్‌లు ఎఫ్‌-1కు పనికిరావు.

ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు ఒక చిన్న ఈమెయిల్ పెట్టి నాలుగు సంగతులు కనుక్కోండి. గత ఏడాది చేరినవాళ్లలో ఎంతమందికి అసిస్టెంట్‌షిప్ దొరికింది? అందులో విదేశీ విద్యార్థులు ఎందరు? ఫీజు మాఫీ పూర్తిగానా, సగమా? వేరే రాష్ట్రం వారికి వేసే అదనపు ఫీజు కూడా మాఫీ అవుతుందా? ఈ చివరి ప్రశ్న మర్చిపోతే వేల డాలర్ల తేడా వస్తుంది. జవాబు తేటగా ఇచ్చేవాళ్లను పట్టికలో ఉంచండి. “అవకాశాలు చాలా ఉన్నాయి, వచ్చాక వెతుక్కోవచ్చు” అన్నవాళ్లను తీసేయండి. ఆరు ప్రోగ్రామ్‌లు సరిపోతాయి. అసిస్టెంట్‌షిప్ లేకుండా పూర్తి అప్పు మీద ఈ డిగ్రీకి వెళ్లవద్దు. ఈ రంగంలో మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలకు చాలా దిగువన ఉంటాయి. నలభై లక్షల అప్పు తీర్చడానికి అవి చాలవు.

కాగితాలు

గడువులు ఎక్కువగా డిసెంబరు 1 నుంచి జనవరి 15 మధ్య పడతాయి. ఆగస్టులో మొదలుపెడితే హడావుడి ఉండదు. జీఆర్‌ఈని చాలా ప్రోగ్రామ్‌లు తీసేశాయి, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ అడుగుతాయి. మూడేళ్ల బీఏ, బీఎస్సీ, బీకామ్ చదివినవారు ముందుగా గ్రాడ్యుయేట్ స్కూల్‌కు రాసి తమ డిగ్రీని ఒప్పుకుంటారో లేదో కనుక్కోవాలి. కొన్ని చోట్ల పీజీ తోడుంటేనే తీసుకుంటారు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్స్ తెప్పించడానికి వారాలు పడుతుంది కాబట్టి సెప్టెంబరులోనే దరఖాస్తు పెట్టండి. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమోలో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉందో లేదో అప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మనకు మామూలు, అక్కడ మాత్రం అది ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది.

సిఫారసు లేఖలు మూడు కావాలి. హెచ్‌ఓడీ గారు “నువ్వే రాసుకురా, సంతకం పెడతాను” అంటారు. అలా వచ్చిన మూడు లేఖల్లో ఒకే గొంతు వినిపిస్తుంది, చదివేవారు రెండో పేరాలోనే పసిగడతారు. మిమ్మల్ని పని చేస్తుండగా చూసిన ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్, హాస్టల్ వార్డెన్, ప్లేస్‌మెంట్ ఆఫీసర్ రాసిన మామూలు లేఖ దానికంటే ఎంతో మేలు. వారికి మీరు చేసిన పనులు తేదీలతో ఒక కాగితం మీద రాసిచ్చి, లేఖను వారి మాటల్లో రాయమని అడగండి. కాలేజీ ఈమెయిల్ నుంచే పంపించండి, జీమెయిల్ నుంచి వస్తే అనుమానపడతారు.

ఎస్‌ఓపీ విషయంలో కాస్త ఆగుదాం. “చిన్నప్పటి నుంచి ఇతరులకు సాయం చేయడమంటే ఇష్టం, కాలేజీలో ఫెస్ట్ కోఆర్డినేటర్‌గా నాయకత్వ లక్షణాలు నేర్చుకున్నాను” అని మొదలయ్యేవి గుట్టలుగా వస్తాయి. కమిటీకి కావాల్సింది మీరు విద్యార్థిని ఎలా గమనిస్తారో తెలియడం. ఒక ఉదాహరణ అనుకుందాం. మెస్ కమిటీలో ఉన్న విద్యార్థి రిజిస్టర్ తిరగేస్తుంటే ఫస్టియర్ వాళ్లు రాత్రి భోజనానికి తగ్గిపోయారని కనిపించింది. కూర బాగాలేదేమోనని అందరూ అనుకున్నారు. నలుగురు ఫస్టియర్లను అడిగితే తేలిందేమిటంటే, వడ్డించే బల్ల దగ్గరకు వెళ్లాలంటే సీనియర్లు కూర్చునే వరుస దాటాలి. వార్డెన్‌తో మాట్లాడి ఫస్టియర్లకు అరగంట ముందు భోజనం పెట్టించారు, బల్లను తలుపు పక్కకు జరిపించారు. నెల తర్వాత రిజిస్టర్ మళ్లీ చూశారు. ఇంతే. ఇందులో గమనించడం, అడగడం, మార్చడం, ఫలితం కొలవడం నాలుగూ ఉన్నాయి. ఈ రంగంలో రోజూ చేసే పని అదే. మీ కాలేజీలో మీకు జరిగిన ఇలాంటిదొకటి వెతకండి. దాని పక్కన ఒక్క సిద్ధాంతాన్ని, అదీ నిజంగా చదివి ఉంటేనే, చేర్చండి. కొత్త చోటికి మారడం గురించి ష్లాస్‌బర్గ్ చెప్పింది, సవాలూ ఆసరా సమపాళ్లలో ఉండాలని శాన్‌ఫర్డ్ చెప్పింది ఇలాంటి చోట బాగా అతుకుతాయి. అయిదుగురి పేర్లు వరసగా పేర్చితే చదవలేదని తెలిసిపోతుంది.

రెజ్యూమేలో ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, కులమతాల వివరాలు ఉండకూడదు. ఎన్‌ఎస్‌ఎస్ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. “ప్రభుత్వం నడిపే విద్యార్థి సేవా కార్యక్రమం” అని ఒక్క ముక్కలో చెప్పి, ఎంతమందిని, ఎన్ని గంటలు, ఎంత ఖర్చుతో నడిపారో అంకెల్లో రాయండి.

అసిస్టెంట్‌షిప్ దరఖాస్తు, ఇంటర్వ్యూ

చాలాచోట్ల దీనికి డిగ్రీ దరఖాస్తుతో సంబంధం లేకుండా వేరే దరఖాస్తు ఉంటుంది. అడ్మిషన్ ఫారం నింపి, ఇది కూడా అందులోనే ఉందనుకుని కూర్చుంటే ఫిబ్రవరి దాటిపోతుంది. ప్రతి ఆఫీసుకూ విడిగా కవర్ లెటర్ రాయాలి. ఇంటర్వ్యూలు ఫిబ్రవరి, మార్చిల్లో జరుగుతాయి. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 2 గంటలంటే మనకు అర్ధరాత్రి దాటి 12.30. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పటి నుంచి అదే ఇంటర్వ్యూ మనకు రాత్రి 11.30కే వస్తుంది. ఈ గంట తేడాతో ఇంటర్వ్యూలు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు.

ప్రశ్నలు సందర్భాలుగా వస్తాయి. ఇలాంటిది తప్పకుండా ఉంటుంది: “మీ హాస్టల్‌లోని అబ్బాయి తల్లి ఫోన్ చేసి, వాడు నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు, క్లాసులకు వెళ్తున్నాడా అని ఏడుస్తున్నారు. ఏం చెబుతారు?” మన అలవాటు ప్రకారం వెంటనే అటెండెన్స్ చూసి అమ్మకు చెప్పేస్తాం, అందులో మనకు తప్పు కనిపించదు. అక్కడ ఫెర్పా అనే 1974 నాటి చట్టం ఉంది. కాలేజీలో చేరిన క్షణం నుంచి రికార్డులపై హక్కు విద్యార్థిది. అతని అనుమతి లేకుండా హాజరు వివరాలు బయటపెట్టకూడదు. ప్రాణానికి ముప్పు లాంటి అత్యవసర పరిస్థితికి, మరికొన్నిటికి మినహాయింపులు ఉన్నా ఆ నిర్ణయం అసిస్టెంట్ ఒక్కరే తీసుకునేది కాదు. మంచి జవాబు ఇలా నడుస్తుంది: ఆమె మాట పూర్తిగా వింటాను. వివరాలు ఇవ్వలేనని మర్యాదగా చెప్పి, ఎందుకో వివరిస్తాను. ఇప్పుడే వెళ్లి అబ్బాయిని కలుస్తానని, ఇంటికి ఫోన్ చేయమని చెబుతానని మాటిస్తాను. గది దగ్గర పలకకపోతే డ్యూటీలో ఉన్న సూపర్‌వైజర్‌కు చెబుతాను. జరిగింది రాసిపెడతాను. తల్లి బాధను తేలిక చేయకూడదు, చట్టాన్నీ దాటకూడదు. ఈ రెండూ ఒకే జవాబులో చూపగలిగితే మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. లైంగిక వేధింపు గురించి విద్యార్థి చెప్పే సందర్భం ఇస్తే, “ఎవరికీ చెప్పను” అని మాటివ్వకండి. ఆ ఉద్యోగంలో మీరు సాధారణంగా టైటిల్ 9 ఆఫీసుకు (లింగ వివక్ష, లైంగిక వేధింపు ఫిర్యాదులు చూసేది) తెలియజేయాల్సినవారు అవుతారు, ఆ సంగతి విద్యార్థికి మొదటే చెప్పాలి.

ఆఫర్ లెటర్ చదవడం

ఫీజు మాఫీ అని రాసి ఉన్నా తప్పనిసరి ఫీజులు, ఆరోగ్య బీమా మిగులుతాయి. స్టైపెండ్ తొమ్మిది లేదా పది నెలలే రావచ్చు, వేసవి అద్దె ఎక్కడి నుంచో తేవాలి. హాస్టల్‌లోనే ఉండే అసిస్టెంట్‌షిప్ అయితే అపార్ట్‌మెంట్, తరచూ మీల్ ప్లాన్ కూడా వస్తాయి. మన విద్యార్థులకు డబ్బు పరంగా అన్నిటికంటే లాభం ఇదే. సెలవుల్లో డైనింగ్ హాల్ మూస్తారు కాబట్టి గదిలో వంటగది ఉందో లేదో అడగండి. భార్య లేదా భర్త కలిసి ఉండవచ్చా అనేదీ అడగండి. చదువు సాగే రోజుల్లో ఎఫ్‌-1 మీద క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. రాత్రి ఆన్‌కాల్ గంటలను ఎలా లెక్కిస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. పై ఖర్చులకు లైబ్రరీలో ఇంకో చిన్న పని చేసుకుందామనుకుంటే కుదరదు.

పన్ను సంగతి చాలామందికి మొదటి జీతం తగ్గి వచ్చినప్పుడే తెలుస్తుంది. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్లకు ఫీజు మాఫీ మీద పన్ను ఉండదు. స్టూడెంట్ అఫైర్స్ పని పరిపాలన కిందకు వస్తుంది కాబట్టి ఏడాదికి 5,250 డాలర్లు దాటిన మాఫీని ఆదాయంగా లెక్కించవచ్చు. ఉదాహరణకు ఏడాది మాఫీ 20,000 డాలర్లయితే, దాదాపు 14,750 మీద పన్ను ఆ చిన్న స్టైపెండ్‌లోంచే కోస్తారు. యూనివర్సిటీ ఎలా లెక్కిస్తుందో ముందే పేరోల్‌ను అడిగితే ఇంటి బడ్జెట్ తలకిందులవదు. భారతీయ విద్యార్థులకు ఇండియా, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ వాడుకునే హక్కుంది, రిటర్న్ వేసేటప్పుడు దాన్ని వదులుకోకండి. గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి (సీజీఎస్) తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సాయం ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపు జవాబివ్వమని ఒత్తిడి చేయకూడదు. “రేపటికల్లా చెప్పాలి” అంటే ఆ తేదీని మర్యాదగా గుర్తుచేయండి.

హెచ్‌-4 మీద ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఆ వీసా మీద చదవవచ్చు, కానీ పని అనుమతి పత్రం లేకుండా అసిస్టెంట్‌షిప్ చేయకూడదు. అది లేనివారు ఎఫ్‌-1కు మారాలి, మార్పు ఆమోదం వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. నెలలు పట్టే పని కాబట్టి అడ్మిషన్ రాగానే మొదలుపెట్టండి.

హైదరాబాద్ కాన్సులేట్‌లో బీటెక్ చదివినవారిని తప్పకుండా అడిగే ప్రశ్న: “ఇంజినీరింగ్ వదిలి ఇదెందుకు?” రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. తిరిగివచ్చి ఏం చేస్తారన్నదానికి ఇప్పుడు నిజమైన జవాబుంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది, వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలంది. ప్రైవేటు యూనివర్సిటీలు స్టూడెంట్ లైఫ్ ఆఫీసులు పెడుతున్నాయి. స్టూడెంట్ అఫైర్స్ డిగ్రీతో మాత్రం కౌన్సెలింగ్ లైసెన్సు రాదు. “కౌన్సెలర్‌నవుతాను” అని అక్కడ చెప్పకండి. విద్యార్థి సేవలు నడిపే ఉద్యోగం అని చెప్పండి.

చేరాక

మొదటి నెలలోనే ప్రాక్టికమ్ (కోర్సులో భాగంగా పర్యవేక్షణలో చేసే పని) గురించి డీఎస్‌ఓను కలవండి. వేరే క్యాంపస్‌లో చేసే ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ (చదువులో భాగమైన పనికి ఇచ్చే అనుమతి) కావాలి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు, మొదటి సెమిస్టర్ నుంచే తప్పనిసరి అని ప్రోగ్రామ్ నియమం పెడితే మినహాయింపు ఉంటుంది. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఓపీటీ పోతుంది. అసిస్టెంట్‌షిప్ హాస్టల్‌లో అయితే ప్రాక్టికమ్‌ను అడ్వైజింగ్‌లోనో కాండక్ట్‌లోనో చేయండి. హాస్టల్ ఉద్యోగాలకు స్పాన్సర్ చేయని కాలేజీలు ఉంటాయి, అప్పుడు రెండో అనుభవమే మిమ్మల్ని నిలబెడుతుంది.

రెండో ఏడాది జనవరిలో ఉద్యోగాల వేట మొదలుపెట్టండి. హయ్యర్‌ఎడ్‌జాబ్స్ సైట్‌లో రోజూ కొత్త ప్రకటనలు వస్తాయి. స్పాన్సర్‌షిప్ మాట మొదటి ఫోన్ ఇంటర్వ్యూ చివర్లోనే, హెచ్‌ఆర్‌నే అడగండి. ఓపీటీ దరఖాస్తు కిటికీ ప్రోగ్రామ్ ముగియడానికి 90 రోజుల ముందు తెరుచుకుని, ముగిశాక 60 రోజులకు మూసుకుంటుంది. డీఎస్‌ఓ సిఫారసు చేసిన 30 రోజుల్లోపు దరఖాస్తు చేరాలి. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. హాస్టల్ ఉద్యోగాలు తరచూ జులైలో మొదలవుతాయి కాబట్టి మేలో డిగ్రీ పూర్తయ్యేవారు ఓపీటీ ప్రారంభ తేదీని నియమం అనుమతించినంత వెనక్కి పెట్టుకుంటే ఆ 90 రోజులు వృథా కావు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే హెచ్‌-1బీ పిటిషన్ ఎప్పుడు వేస్తారో తేదీతో సహా అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి.